గగనంలో డ్రోన్ మోటారు ఆగితే: కారణ నిర్ధారణ ఎట్లా?

2021 అక్టోబరు 4వ తేదీన మణిపూర్ రాష్ట్రంలోని బిష్ణుపూర్ నుండి లోక్‌తక్ సరస్సులో ఉన్న కరంగ్ ద్వీపానికి ఒక డ్రోన్ కోవిడ్ టీకాలను మోసుకొని వెళ్లింది. నేలమార్గాన 26 కిలోమీటర్లు ఉండే ఈ దూరం గగనమార్గాన 15 కిలోమీటర్లు మాత్రమే. ప్రయాణానికి 12 నుండి 15 నిమిషాలు పట్టింది. అంతకు సుమారు మూడు వారాల ముందు, సెప్టెంబరు 11వ తేదీన, తెలంగాణలోని వికారాబాద్‌లో ఔషధాలను డ్రోన్ల ద్వారా చేరవేసే ప్రయోగం ఆరంభమైనది. 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన స్వామిత్వ పథకం క్రింద గ్రామాలలోని నివాసస్థలాల హద్దులను డ్రోన్ల సాయంతో సర్వే చేయనారంభించారు. 15,000 మహిళా స్వయం సహాయక సంఘాలకు వ్యవసాయ డ్రోన్లను సమకూర్చే పథకానికి 2023 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది.

సరస్సు మీదుగా టీకాలు, పొలం మీదుగా పురుగుమందు, ఊరి మీదుగా కెమెరా - ఇన్ని బాధ్యతలను మోస్తున్న ఈ యంత్రాన్ని గాలిలో నిలిపి ఉంచేవి కొన్ని చిన్న మోటార్లు. వాటిలో ఒకటి ఎగురుతూ ఉండగా ఆగిపోతే ఏమి జరుగుతుంది? అది ఎందుకు ఆగినదో కూలిన తరువాత ఎట్లా తెలుసుకోవాలి? ఈ ప్రశ్నలు ఇంజనీర్లకు మాత్రమే సంబంధించినవి అనిపించవచ్చు. కాని డ్రోన్ కూలిన ప్రతిసారి ‘తప్పు ఎవరిది?’ అన్న మరొక ప్రశ్న వెంటనే తలెత్తుతుంది. నడిపిన మనిషిదా, అమ్మిన సంస్థదా, మరమ్మతు చేసినవారిదా? కారణ నిర్ధారణ సక్రమంగా జరగనిచోట ఆ నింద సాధారణంగా అందరికంటె బలహీనులైన వారి మీదనే పడుతుంది.

‘మోటారు కాలిపోయింది’ అన్న మాట

మన పల్లెలలో బోరుబావి నీళ్లు పోయడం మానగానే ‘మోటారు కాలిపోయింది’ అంటారు. అనుభవం గల మెకానిక్ ఆ మాటతో తృప్తి పడడు. వోల్టేజి తగ్గినదా, మూడు ఫేజులలో ఒకటి పోయినదా, బేరింగు పట్టేసినదా, బోరులో నీరు లేక పంపు ఎండుగా తిరిగినదా అని ఆరా తీస్తాడు. ఏమంటే, ఫేజు పోవడం వల్ల కాలిన మోటారుకు కొత్త వైండింగ్ చుట్టించి, ఫేజు సంగతి పట్టించుకొనకపోతే అది మళ్లీ కాలుతుంది.

డ్రోన్ విషయం కూడ ఇంతే. ‘మోటారు పోయింది’ అన్నది జరిగిన సంఘటనకు పేరు మాత్రమే; అది కారణం కాదు. మోటారుకు ముందు స్పీడ్ కంట్రోలర్ ఉన్నది, దానికి ముందు తీగలు, అతుకులు, బ్యాటరీ ఉన్నవి. మోటారుకు పైన ప్రొపెల్లర్ ఉన్నది. ఈ గొలుసులో ఏ కడియం తెగినా బయటికి కనిపించేది ఒక్కటే: ఒక మూల బలం కోల్పోయి డ్రోన్ దొర్లిపోవడం.

నాలుగు మోటార్ల సమతుల్యం

సాధారణ డ్రోన్‌కు నాలుగు చేతులు, ఒక్కొక్క చేతి చివర ఒక మోటారు, దానిపై ఒక ప్రొపెల్లర్ ఉంటాయి. ఎదురెదురు మూలలలో ఉన్న రెండు మోటార్లు ఒక దిశలోను, మిగిలిన రెండు దానికి వ్యతిరేక దిశలోను తిరుగుతాయి. ప్రొపెల్లర్ ఒక దిశలో తిరిగినపుడు దాని ప్రతిక్రియగా డ్రోన్ శరీరం వ్యతిరేక దిశలో తిరుగబోతుంది. రెండు జతలు రెండు దిశలలో తిరగడం వల్ల ఈ ప్రతిక్రియలు పరస్పరం రద్దయి, డ్రోన్ తిన్నగా నిలుస్తుంది.

డ్రోన్ మధ్యభాగంలో ఫ్లైట్ కంట్రోలర్ అనే చిన్న కంప్యూటర్ ఉంటుంది. అది తనలోని సెన్సార్ల ద్వారా యంత్రం ఏ వైపు ఎంత వంగినదో క్షణక్షణం గ్రహించి, ఏ మోటారు ఎంత వేగంగా తిరగవలెనో నిర్ణయిస్తుంది. ఆ ఆజ్ఞ స్పీడ్ కంట్రోలర్‌కు చేరుతుంది. స్పీడ్ కంట్రోలర్ బ్యాటరీలోని ఏకముఖ విద్యుత్తును మోటారులోని మూడు తీగచుట్టలకు వంతులవారీగా అందిస్తుంది. మోటారు లోపలి అయస్కాంతాలు ఏ స్థితిలో ఉన్నవో, ఆ క్షణాన విద్యుత్తు అందని చుట్టలో పుట్టే వోల్టేజిని బట్టి గుర్తిస్తుంది. మూడు తీగలలో ఒకటి తెగితే ఈ మోటారు కూడ, ఫేజు పోయిన బోరు మోటారు వలెనే, వణకుతుందే గాని తిరగలేదు.

ఒక మూల కుంగినపుడు

ముందువైపు కుడి మూలలోని మోటారు హఠాత్తుగా ఆగినదని అనుకొందాము. ఆ మూల కుంగుతుంది. డ్రోన్ ముందుకు, కుడికి వాలుతుంది. ఫ్లైట్ కంట్రోలర్ ఆ వాలును గమనించి, కుంగిన మూలను ఎత్తడానికి ఆ మోటారుకు మరింత వేగంగా తిరుగుమని ఆజ్ఞ ఇస్తుంది. అది తిరగదు. ఆజ్ఞ పెరిగి పెరిగి గరిష్ఠ స్థాయికి చేరుతుంది. అదే సమయంలో, ఎదురు మూలలో (వెనుక ఎడమవైపు) ఉన్న ఆరోగ్యవంతమైన మోటారు తన వైపును పైకి ఎత్తుతూ ఉన్నందున, దాని వేగాన్ని కంట్రోలర్ కనిష్ఠ స్థాయికి తగ్గిస్తుంది. ఫలితంగా ఒక దిశలో తిరిగే జత మొత్తం నీరసిస్తుంది. రెండవ జత ప్రతిక్రియను రద్దుచేసేది లేక డ్రోన్ బొంగరం వలె తనచుట్టు తాను తిరగనారంభిస్తుంది.

ఇదంతా ఎంతలో జరుగుతుంది? 30 మీటర్ల ఎత్తునుండి స్వేచ్ఛగా పడే వస్తువు సుమారు రెండున్నర సెకన్లలో నేలను తాకుతుంది. నడిపేవారు ప్రమాదాన్ని గుర్తించి మీటను కదిలించేలోపల అంతా ముగిసిపోతుంది. కాబట్టి ‘నీవు సరిగా పట్టుకొని ఉండవలసినది’ అని నడిపినవారిని మందలించడంలో ఎంతమాత్రమూ న్యాయం లేదు.

లాగ్ - యంత్రం వ్రాసుకొన్న దినచర్య

ఇక్కడ కారణాన్వేషణకు ప్రధాన సాక్షి ఫ్లైట్ కంట్రోలర్ భద్రపరచే లాగ్. పూర్వం నావికులు తాడు కట్టిన కొయ్యముక్కను సముద్రంలోకి విసరి ఓడ వేగాన్ని కొలిచేవారు. ఇంగ్లీషులో ఆ కొయ్యముక్క పేరే ‘లాగ్’. ఆ కొలతలు వ్రాసుకొన్న పుస్తకానికి అదే పేరు వచ్చినది. ఇప్పుడు డ్రోన్ వ్రాసుకొనే దినచర్యకు కూడ సంక్రమించినది. డ్రోన్ లాగ్‌లో సెకనుకు అనేక పర్యాయాలు కొలతలు నమోదు అవుతాయి. వీటిని గ్రాఫులుగా గీసి చూడవచ్చు. ప్రపంచమంతటా వాడుకలో ఉన్న ఆర్డుపైలట్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఈ సదుపాయం అందరికీ అందుబాటులో ఉన్నది.

లాగ్‌ను చదవడంలోని కీలకం ఒక్కటే: ‘కోరినది’, ‘జరిగినది’ అనే రెండు గీతలను పక్కపక్కన ఉంచి పోల్చడం. డ్రోన్ ఎంత వాలవలెనని కంట్రోలర్ కోరినదో ఒక గీత చెబుతుంది. నిజంగా ఎంత వాలినదో మరొక గీత చెబుతుంది. ఆరోగ్యవంతమైన డ్రోన్‌లో ఈ రెండు గీతలు జోడెద్దుల వలె కలిసి సాగుతాయి. నడిపేవారు మీటను పొరపాటున గట్టిగా తిప్పి కూల్చినట్లయితే, కోరినది, జరిగినది రెండూ కలిసియే వాలుతాయి. యాంత్రిక లోపం వల్ల కూలినట్లయితే, కోరిన గీత సమంగా ఉండగా జరిగిన గీత హఠాత్తుగా విడిపోతుంది. నింద ఎవరిపై మోపవలెనన్న వివాదంలో అన్నిటికంటె విలువైన సాక్ష్యం ఈ విడిపోయిన బిందువే.

ఆ క్షణాన్ని గుర్తించిన తరువాత నాలుగు మోటార్లకు వెళ్లిన ఆజ్ఞలను చూడాలి. వీటిని సాధారణంగా 1000 నుండి 2000 వరకు గల అంకెలలో నమోదు చేస్తారు. 1000 అంటే ఆగి ఉండుమని, 2000 అంటే సంపూర్ణ వేగమని అర్థం. ఉదాహరణకు ఒకే ఎత్తులో నిలిచి ఉన్న డ్రోన్‌లో నాలుగు ఆజ్ఞలూ 1500 ప్రాంతంలో ఉన్నవని అనుకొందాము. ఉన్నట్టుండి ముందు కుడి మోటారు ఆజ్ఞ 1950కి ఎగబాకినది, వెనుక ఎడమ మోటారు ఆజ్ఞ 1150కి పడిపోయినది. చెడినది ఏది?

కొత్తగా చూచేవారు తరచుగా ఇక్కడనే పొరబడతారు. 1150కి పడిపోయిన మోటారే ఆగినదని, 1950కి చేరినది బ్రహ్మాండంగా పనిచేస్తున్నదని అనుకొంటారు. వాస్తవం దీనికి సరిగా వ్యతిరేకం. ఈ అంకెలు మోటారు చేసిన పనిని తెలుపవు. మోటారును కోరిన పనిని మాత్రమే తెలుపుతాయి. ఎంత అడిగినా పలుకని మోటారునే కంట్రోలర్ గట్టిగా అడుగుతుంది. కాబట్టి గరిష్ఠ ఆజ్ఞ అందుకొంటూ ఉండగా ఏ మూల కుంగినదో ఆ మూలలోనే లోపం ఉన్నది. కనిష్ఠ ఆజ్ఞ పొందిన ఎదురు మోటారు నిర్దోషి.

ఏ మోటారో తెలిసినది, ఎందుకు?

చెడిన మూల తెలియడంతో సగం పని మాత్రమే పూర్తి అవుతుంది. కొన్ని స్పీడ్ కంట్రోలర్లు మోటారు నిమిషానికి ఎన్ని చుట్లు తిరిగినదీ, ఎంత కరెంటు తీసుకొన్నదీ, ఎంత వేడెక్కినదీ తెలియజేస్తాయి. ఆ వివరాలు లాగ్‌లో ఉన్నట్లయితే కారణాలను నాలుగు విధాలుగా విడదీయవచ్చు.

మొదటిది: ఆజ్ఞ గరిష్ఠం, చుట్లు సున్న, కరెంటు సున్న. విద్యుత్తు మోటారుకు చేరనే లేదు. అతుకు ఊడడం, తీగ తెగడం, కనెక్టర్ వదులు కావడం, లేదా స్పీడ్ కంట్రోలర్ మూగబోవడం ఇందుకు కారణం కావచ్చు. ఇట్టి సందర్భంలో మోటారు నిక్షేపంగా ఉండవచ్చు.

రెండవది: ఆజ్ఞ గరిష్ఠం, చుట్లు సున్న లేదా అతిస్వల్పం, కరెంటు అధికం. మోటారు తిరగడానికి ప్రయత్నించినది గాని ఏదో అడ్డుకొన్నది. బేరింగు పట్టేసి ఉండవచ్చు, అయస్కాంతం ఊడి లోపల ఇరుక్కొని ఉండవచ్చు, తీగచుట్టల పూత కాలి ఒకదానికొకటి తగిలి ఉండవచ్చు.

మూడవది: చుట్లు హఠాత్తుగా పెరిగి కరెంటు మాత్రం తగ్గినది. మోటారు మోయవలసిన బరువు మాయమైనదన్న మాట. ప్రొపెల్లర్ ఊడినదో, విరిగినదో, ఇరుసుపై జారుతున్నదో చూడాలి. తాడు తెగిన గిలక గిర్రున తిరిగినట్లు, ప్రొపెల్లర్ లేని మోటారు గిర్రున తిరుగుతుంది.

నాలుగవది: చుట్ల సంఖ్య నిలకడ లేక ఎగిరెగిరి పడుతున్నది. స్పీడ్ కంట్రోలర్ అయస్కాంతాల స్థితిని గుర్తించడంలో లెక్క తప్పినది. ఒక చుట్టకు ఇవ్వవలసిన విద్యుత్తును మరొక వేళ ఇస్తుండడం వల్ల మోటారు కుదుపులతో ఆగిపోతుంది. వేగాన్ని ఒక్కసారిగా పెంచినపుడు ఇది ఎక్కువగా సంభవిస్తుంది. స్పీడ్ కంట్రోలర్, మోటారు, ప్రొపెల్లర్ ఒకదానికొకటి సరిపడనపుడు కూడ జరుగుతుంది.

మోటారు తప్పు కానివి

కొన్ని ప్రమాదాలు మోటారు వైఫల్యం వలె కనిపించినా వాటి మూలం వేరు. బ్యాటరీ నీరసించినపుడు ఒక్క మోటారు ఆజ్ఞ కాక నాలుగు ఆజ్ఞలూ కలిసి పెరుగుతాయి; వోల్టేజి గీత కుంగుతుంది; డ్రోన్ దొర్లకుండ, మొదట సమంగానే క్రిందికి దిగుతుంది. లాగ్ గాలిలో ఉండగానే హఠాత్తుగా ముగిసినట్లయితే ఫ్లైట్ కంట్రోలర్‌కే విద్యుత్తు ఆగినదని భావించాలి. అప్పుడు మోటార్లను విప్పి చూచి ప్రయోజనం లేదు. ప్రయాణం మొదటినుండి ముందువైపు రెండు మోటార్లు ఎక్కువగా శ్రమిస్తున్నట్లయితే బరువు ముందుకు జరిగి ఉన్నదని అర్థం. ఒక దిశలో తిరిగే జత నిరంతరం ఎక్కువ ఆజ్ఞను, రెండవ జత తక్కువ ఆజ్ఞను పొందుతున్నట్లయితే ఏదో ఒక మోటారు తన పీఠంపై పక్కకు ఒరిగి ఉండవచ్చు.

కంపనాల గీత ప్రత్యేకంగా పరిశీలించదగినది. పగులువారిన ప్రొపెల్లర్, అరిగిన బేరింగు, వంగిన ఇరుసు చాలవరకు కూలకముందే తమ ఉనికిని కంపనాల ద్వారా తెలియజేస్తాయి. నిన్నటి ప్రయాణం, మొన్నటి ప్రయాణం లాగ్‌లను వరుసగా పోల్చినపుడు కంపనం గాని, ఒక మోటారు వేడి గాని క్రమంగా పెరుగుతూ వచ్చినట్లు కనిపిస్తే, నేటి ప్రమాదానికి బీజం ఎన్నడో పడినదని చెప్పవచ్చు. పురుగుమందు తుంపరలు, పొలం దుమ్ము నిత్యం తాకే వ్యవసాయ డ్రోన్లకు ఈ పోలిక మరింత అవసరం. తుప్పు, దుమ్ము లోపలికి చేరి కనెక్టర్లను, బేరింగులను క్రమంగా తినివేస్తాయి.

నేలమీద చేయవలసిన పరీక్ష

కూలిన డ్రోన్‌ను చేతిలోకి తీసుకోగానే మళ్లీ స్విచ్చి వేసి చూడాలన్న ఆతురత సహజం. అది ప్రమాదకరం, సాక్ష్యాన్ని చెరిపివేయగలదు కూడ. మొదట పడినచోటనే ఫోటోలు తీయాలి. తరువాత బ్యాటరీని వేరుచేయాలి. దెబ్బతిన్న లిథియం బ్యాటరీ కొంతసేపటి తరువాత కూడ మండగలదు కనుక దానిని ఇంటిలో ఉంచరాదు. మెమరీ కార్డులోని లాగ్‌ను వేరొకచోట నకలు తీసి పెట్టుకోవాలి.

ప్రొపెల్లర్లన్నిటినీ విప్పిన తరువాతనే మోటార్లను చేతితో తిప్పి చూడాలి. ఇక్కడ ఒక గొప్ప సౌకర్యం ఉన్నది: చెడిన మోటారుతో పోల్చడానికి అదే డ్రోన్‌లో బాగున్నవి మరి మూడు ఉన్నవి. ఏది గరగరమంటున్నది, ఏది బిగుసుకొన్నది, ఏది కాలిన వాసన వేస్తున్నది అన్న సంగతి పోలికలో తేలుతుంది. తీగల అతుకులను మెల్లగా లాగి చూడాలి. అప్పటికీ తేలనపుడు అనుమానం ఉన్న మోటారును మరొక చేతికి, అక్కడి మోటారును ఈ చేతికి మార్చి, ప్రొపెల్లర్లు లేకుండ తక్కువ వేగంతో నడిపి చూడాలి. లోపం మోటారుతోపాటు కదలినట్లయితే తప్పు మోటారుది. పాత చేతివద్దనే నిలిచినట్లయితే తప్పు స్పీడ్ కంట్రోలర్‌ది లేదా తీగలది. ఒక పర్యాయం ఒకే మార్పు చేయాలన్న నియమాన్ని మాత్రం విడువరాదు. రెండు భాగాలను ఒకేసారి మార్చినవారికి డ్రోన్ బాగుపడినా కారణం తెలియదు.

మరిన్ని మోటార్లు ఉంటే?

ఆరు లేదా ఎనిమిది మోటార్ల డ్రోన్‌లో ఒకటి ఆగినా మిగిలినవి భారాన్ని పంచుకొని క్షేమంగా దించగలవు. కాని అది మిగులు బలం ఉన్నపుడే సాధ్యం. మందు ట్యాంకు ఖాళీగా ఉన్నపుడు నిలువగలిగిన డ్రోన్, ట్యాంకు నిండుగా ఉన్నపుడు నిలువలేకపోవచ్చు.

నాలుగు మోటార్ల డ్రోన్‌ను సైతం రక్షించే మార్గాలను శాస్త్రజ్ఞులు వెదికారు. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన మార్క్ ముల్లర్, రఫాయెలో డి ఆండ్రియా 2014లో ప్రకటించిన పరిశోధనలో ఒకటి, రెండు, చివరకు మూడు ప్రొపెల్లర్లు పోయినప్పటికీ డ్రోన్‌ను అదుపులో ఉంచవచ్చునని నిరూపించారు. అందులోని సూత్రం సరళమైనది: డ్రోన్ ముఖం ఏ దిశకు ఉండవలెనన్న పట్టుదలను వదలుకొని, దానిని బొంగరం వలె తిరుగనిస్తూనే ఎత్తును, వాలును కాపాడుకోవడం.

అయినా ఏర్పాట్లు ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండరాదు. 2021 జూన్‌లో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో పరీక్షకై ఎగురుతున్న ఒక సరుకుల డ్రోన్‌లో, పైకి లేచే స్థితినుండి ముందుకు సాగే స్థితికి మారుతుండగా ఒక మోటారు ఆగిపోయింది. అట్టి సమయంలో ఆదుకోవలసిన రక్షణ ఏర్పాట్లు కూడ విఫలమైనవి. సుమారు 160 అడుగుల ఎత్తునుండి కూలిన ఆ డ్రోన్ వల్ల మంటలు రేగి, 20 ఎకరాలకు పైగా పొదలు, గడ్డి తగలబడినవి.

సాక్ష్యమే రక్ష

మన దేశంలో 2021 ఆగస్టులో వెలువడిన డ్రోన్ నియమావళి ప్రకారం, ప్రమాదం జరిగిన 48 గంటలలోగా డ్రోన్‌ను నడిపినవారు పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్‌కు నివేదించవలసి ఉన్నది. ‘మోటారు పోయింది’ అన్న ఒక్క వాక్యంతో ఇట్టి నివేదిక వ్రాస్తే దాని వల్ల ఎవరికీ మేలు జరుగదు. ఏ క్షణాన గీతలు విడిపోయినవి, ఏ మూల కుంగినది, ఆజ్ఞ ఎంత, చుట్లు ఎన్ని, కరెంటు ఎంత అని వ్రాసిన నివేదిక మాత్రం, అదే రకపు డ్రోన్‌ను వేరొక రాష్ట్రంలో ఎగురవేసేవారికి కూడ ముందస్తు హెచ్చరికగా ఉపయోగపడుతుంది.

ఒక స్వయం సహాయక సంఘానికి చెందిన మహిళ సాగు కాలంలో డ్రోన్ కోల్పోవడమంటే ఆ కాలపు సంపాదన కోల్పోవడమే. పైగా నడపడం చేతకాలేదన్న మాట కూడ పడవలసి రావచ్చు. ఆమెకు ఎగురవేయడం నేర్పే శిక్షణలో లాగ్ చదవడం కూడ చేర్చినట్లయితే ఈ అన్యాయాన్ని చాలవరకు నివారించవచ్చు. ఇందుకు ఉన్నత గణితం అవసరం లేదు. రెండు గీతలను పోల్చగల చూపు, ప్రతి ప్రయాణం తరువాత లాగ్‌ను భద్రపరచే అలవాటు చాలును. పాఠశాలలలో, కళాశాలలలో భౌతికశాస్త్రం చదివే విద్యార్థులు సైతం ఒక చిన్న డ్రోన్ లాగ్‌ను ముందుంచుకొని ఈ సాధన చేయవచ్చు. చర్య, ప్రతిచర్యల సూత్రానికి ఇంతకంటె సజీవమైన ఉదాహరణ లభించడం అరుదు.